ఒకే ఒక్క ఓటమి

పిల్లలూ! ముందుగా ఒక చిన్న లెక్క. ఒక కుర్రవాడు 88 పోటీలలో పాల్గొన్నాడు. వాటిలో 87 గెలిచాడు, ఒకటి ఓడాడు. పరీక్షలో అయితే నూటికి దాదాపు 99 మార్కులు వచ్చినట్టు. ఇంకేం కావాలి అంటారు మీరు. కాని ఆ కుర్రవాడికి గెలిచిన 87 పోటీలు ఒక ఎత్తు, ఓడిపోయిన ఆ ఒక్కటీ ఒక ఎత్తు అయింది. ఆ ఒక్క పోటీ బాకీ తీర్చుకోవటానికి అతనికి ఆరేళ్ళు పట్టింది. ఆ బాకీ తీరిన రోజున ఒక దేశం దేశమే పండగ చేసుకున్నది. ఈ నెల ఆ కథ చెప్పుకుందాం.

అతని పేరు కిమ్ కీ సూ. దేశం కొరియా. కొరియావారు కూడా మన తెలుగువారిలాగే ఇంటిపేరు ముందు చెప్పి, తరవాత సొంత పేరు చెబుతారు. అంచేత "కిమ్" అన్నది ఇంటిపేరు, "కీ సూ" తల్లిదండ్రులు పెట్టిన పేరు. అతను నేర్చిన విద్య ముష్టియుద్ధం. దాన్నే బాక్సింగ్ అంటారు. దక్షిణ కొరియా నుంచి ఆ విద్యలో మొట్టమొదట జగజ్జెట్టి అయినవాడు అతనే.

కిమ్ 1939లో కొరియా ఉత్తర భాగంలో బుక్‌చోంగ్ అనే చోట పుట్టాడు. ఆ ప్రాంతంవారికి ఒక పేరు ఉండేది. కొళాయిలు లేని రోజుల్లో సియోల్ నగరంలో ఇంటింటికీ మంచినీళ్ళు మోసి అమ్మేవారిలో చాలామంది అక్కడివారే. కావడి భుజాన వేసుకుని, తెల్లవారక ముందే లేచి, ఆ సంపాదనతో పిల్లలను చదివించుకునేవారు. ఒళ్ళు దాచుకోనివారని వాళ్ళకు ప్రతీతి.

1945లో రెండవ ప్రపంచ యుద్ధం ముగిసింది. అప్పటిదాకా కొరియాను ఏలిన జపానువారు వెళ్ళిపోయారు. కాని దేశం ఒక్కటిగా నిలవలేదు. 38వ అక్షాంశ రేఖ దగ్గర ఉత్తరం ఒకటి, దక్షిణం ఒకటి, రెండుగా చీలింది. 1950 జూన్ 25న ఆ రెండు భాగాల మధ్య యుద్ధం మొదలయింది. ఈ తేదీని జ్ఞాపకం పెట్టుకోండి. మన కథలో మళ్ళీ దీనితో పని పడుతుంది.

ఆ యేటి చలికాలంలో ఉత్తరాన ఉన్నవారు లక్షల మంది ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి, చేతికి అందింది మూటగట్టుకుని దక్షిణానికి వలసపోయారు. వారిలో కిమ్ కుటుంబం కూడా ఉన్నది. అప్పటికి కిమ్‌కు పదకొండేళ్ళు. వాళ్ళు చివరికి దక్షిణపు కొసన యోసు అనే రేవుపట్నం చేరారు. పుట్టిన ఊరికీ ఈ ఊరికీ తిన్నగా గీత గీస్తేనే ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. 1953లో యుద్ధం ఆగింది గాని సరిహద్దు మూతపడింది. ఇక పుట్టిన ఊరికి తిరిగి వెళ్ళే దారి లేదు.

కొత్త ఊళ్ళో పెరుగుతూ, చదువుకునే వయస్సులోనే కిమ్ బాక్సింగ్ పట్టుకున్నాడు. ఈ విద్యకు పొలం అక్కర్లేదు, పెట్టుబడి అక్కర్లేదు. ఒక జత తొడుగులు, నేర్పే గురువు, రోజూ పరుగెత్తే ఓపిక ఉంటే చాలు. ఓపికకు అతనిలో కరువు లేదు.

బాక్సింగ్‌లో రెండు రకాలవారు ఉన్నారని మీరు తెలుసుకోవాలి. ఒకరు ఔత్సాహికులు, అంటే డబ్బు కోసం కాక పతకం కోసం పోరాడేవారు. ఒలింపిక్ క్రీడలలో ఆ రోజుల్లో వీరికే చోటు ఉండేది. వీరి పోటీ మూడు రౌండ్లు, రౌండుకు మూడేసి నిమిషాలు. రెండోవారు వృత్తిగా పోరాడేవారు. టిక్కెట్లు కొని వచ్చిన ప్రేక్షకుల డబ్బుతో వీరికి జీతం ముడుతుంది. ఆ రోజుల్లో జగజ్జెట్టి పోటీ అంటే పదిహేను రౌండ్లు, రౌండుకు మూడు నిమిషాలు, రెండు రౌండ్ల నడుమ ఒక్క నిమిషం విశ్రాంతి.

ఇప్పుడు మీరే లెక్క కట్టండి. మొదటిదానిలో పోరాటం తొమ్మిది నిమిషాలు. రెండోదానిలో నలభై అయిదు నిమిషాలు. నడిమి విశ్రాంతి నిమిషాలు పద్నాలుగు కూడా కలిపితే యాభై తొమ్మిది. అంటే కాస్త తక్కువగా గంట! చెరువుకట్ట మీద వంద గజాలు పరుగెత్తేవాడికీ, పక్క ఊరిదాకా పరుగెత్తి వచ్చేవాడికీ ఎంత తేడా ఉంటుందో ఈ ఇద్దరికీ అంత తేడా ఉన్నది.

కిమ్ ముందు ఔత్సాహికుడు. 1958లో టోక్యో నగరంలో ఆసియా క్రీడలు జరిగాయి. అతనికి అప్పుడు పద్దెనిమిదేళ్ళు. బంగారు పతకం తెచ్చాడు. గెలుపు మీద గెలుపు వస్తూనే ఉన్నది. ఇక మిగిలింది ఒలింపిక్ పతకం ఒక్కటే అనుకున్నారంతా.

1960లో ఇటలీ దేశపు రాజధాని రోమ్‌లో ఒలింపిక్ క్రీడలు. కిమ్ 67 కిలోల తూకపు తరగతిలో దిగాడు. బాక్సింగ్‌లో సమానమైన తూకంవారినే ఎదురెదురుగా నిలబెడతారు. బక్కవాడికీ బండవాడికీ పోటీ పెడితే అది ఆట కాదు గదా! ఆ తరగతిలోనే ఇటలీవాడు ఒకడున్నాడు. పేరు నీనో బెన్వెనూటీ. కిమ్ కన్నా ఒక ఏడాది పెద్ద. పొడగరి, చురుకైనవాడు. పైగా రోమ్ అతని సొంత గడ్డ. పతకాల దాకా రాకముందే వీరిద్దరూ తారసపడ్డారు. న్యాయనిర్ణేతలు బెన్వెనూటీయే గెలిచాడన్నారు. అతను అక్కడి నుంచి వరసగా గెలుస్తూ పోయి బంగారు పతకం తీసుకున్నాడు. అంతే కాదు, ఆ క్రీడలలో అందరికన్నా నేర్పుగా పోరాడిన బాక్సరని ప్రత్యేక బహుమతి కూడా అందుకున్నాడు. అదే క్రీడలలో పద్దెనిమిదేళ్ళ కాసియస్ క్లే కూడా బంగారు పతకం గెలిచాడు. తరవాత మహమ్మద్ అలీ అని లోకమంతా పిలిచింది అతనినే. అంతటివాడిని దాటి బహుమతి బెన్వెనూటీకి వచ్చిందంటే, కిమ్‌ను ఓడించినవాడు ఎలాంటివాడో గ్రహించండి.

కిమ్ ఉత్త చేతులతో ఇంటికి వచ్చాడు. ఔత్సాహికుడిగా అతని లెక్క 87 గెలుపులు, ఒక ఓటమి.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. ఈ ఇద్దరూ ఒకే విధంగా ఊరు పోగొట్టుకున్నవారు. బెన్వెనూటీ పుట్టిన ఇజోలా అనే సముద్రపుటొడ్డు ఊరు అప్పట్లో ఇటలీది. రెండవ ప్రపంచ యుద్ధం తరవాత అది యుగోస్లావియాకు పోయింది. ఈనాడు స్లొవేనియా దేశంలో ఉన్నది. సరిహద్దు జరగటంతో ఆ కుటుంబం కూడా ఊరు వదిలి వచ్చేసింది. ప్రపంచానికి ఆ కొసన ఒకడు, ఈ కొసన ఒకడు. ఇద్దరి బాల్యాన్నీ యుద్ధమే మార్చింది. ఇద్దరూ ఎదురుపడింది మాత్రం తాళ్ళు కట్టిన ఒక చిన్న అరుగు మీద.

ఇక కిమ్ విద్యలోని కిటుకు ఏమిటో చూద్దాం. అతను ఎడమచేతి వాటంవాడు. ఇది బాక్సింగ్‌లో పెద్ద సంగతే. నమ్మకం లేకపోతే మీరే చేసి చూడండి. మీ స్నేహితుడికి ఎదురుగా నిలబడండి. ఇద్దరూ ఎడమ కాలు, ఎడమ చెయ్యి ముందుకు పెట్టండి. కుడిచేతి వాటంవారు నిలబడే తీరు అది. బలమైన కుడిచెయ్యి వెనక దాగి ఉంటుంది, ఎడమ చెయ్యి ముందుండి ఎదుటివాడి దూరం కొలుస్తుంది. ఇప్పుడు మీరు అలాగే ఉండండి. మీ స్నేహితుణ్ణి మాత్రం కుడి కాలు, కుడి చెయ్యి ముందుకు పెట్టమనండి. ఏమయింది? ఇద్దరి ముందు కాళ్ళూ ఒకదానికొకటి అడ్డం వస్తున్నాయి. ముందు చేతులు రెండూ ఒకే పక్కకు వచ్చాయి. దెబ్బ రావలసిన దిక్కు మారిపోయింది. (చూడండి అన్నానే గాని కొట్టమనలేదు సుమా!)

కుడిచేతి వాటంవాడు తన జీవితంలో ఎక్కువగా తనవంటివారితోనే పోరాడుతాడు. అంచేత ఎడమచేతివాడు ఎదురయితే తికమకపడతాడు. ఎడమచేతివాడికి ఆ చిక్కు లేదు. అతనికి రోజూ ఎదురయ్యేది కుడిచేతివారే గదా! "ఎడంచేత్తో రాయకు" అని చీవాట్లు తినే పిల్లలు ఈ పేజీ చదివేవారిలో ఉంటే, ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ ముక్క చదివి వినిపించవచ్చు.

1961లో కిమ్ వృత్తి బాక్సర్ అయ్యాడు. బెన్వెనూటీ కూడా ఆ ఏడే వృత్తిలోకి దిగాడు. ఇద్దరూ ఎవరి ఖండంలో వారు గెలుస్తూ పోయారు. 1965లో కిమ్ జపానుకు చెందిన ఫుమియో కైజును ఓడించి, తూర్పు దేశాల మిడిల్ వెయిట్ పట్టం గెలిచాడు. అదే ఏడు బెన్వెనూటీ, మిలాన్ నగరంలో సాంద్రో మజింగీ అనే తన దేశస్థుణ్ణే పడగొట్టి, జూనియర్ మిడిల్ వెయిట్ తరగతిలో జగజ్జెట్టి అయ్యాడు. అంటే 154 పౌన్లు, దాదాపు 70 కిలోలు మించనివారిలో ప్రపంచానికంతటికీ మొదటివాడన్నమాట. ఈ మజింగీ పేరు కూడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు కిమ్‌కు తన పాత బాకీ తీర్చుకునే అదను వచ్చింది. కాని జగజ్జెట్టిని సియోల్‌కు రప్పించటం ఎలా? అతను ఊరికే రాడు. వచ్చినందుకు 55,000 డాలర్లు ఇవ్వాలన్నారు. యుద్ధం నుంచి అప్పుడప్పుడే తేరుకుంటున్న బీద దేశం కొరియా. అక్కడ డాలరు అంటే బంగారం కన్నా అపురూపం. యంత్రాలు కొనాలన్నా, ఎరువులు కొనాలన్నా డాలర్లే కావాలి. ఒక ఆటకు అంత సొమ్మా అనే ప్రశ్న వచ్చింది. చివరికి దేశాధ్యక్షుడు పాక్ చుంగ్ హీ దాకా పోయింది వ్యవహారం. ప్రభుత్వమే ఆ సొమ్ముకు పూచీ పడింది. అంటే ఇక కిమ్ ఒక్కడి సొంత బాకీ కాదది. అతను ఓడిపోతే పోయేది దేశం సొమ్ము, దేశం పరువు కూడా.

పోటీ జరిగిన రోజు 1966 జూన్ 25. ఇందాక జ్ఞాపకం పెట్టుకోమన్న తేదీ ఇదే! సరిగా పదహారేళ్ళ కిందట అదే రోజున మొదలైన యుద్ధం కిమ్‌ను ఊరు లేనివాణ్ణి చేసింది. ఇప్పుడు అదే రోజున అతను సియోల్‌లోని జాంగ్‌చుంగ్ క్రీడామందిరంలో రింగులోకి అడుగు పెట్టాడు. దేశాధ్యక్షుడు స్వయంగా వచ్చి చూశాడు. టెలివిజన్ ఉన్న ఇళ్ళు అప్పట్లో చాలా తక్కువ. ఉన్నచోట జనం మూగారు, లేనిచోట రేడియో ముందు చెవులు రిక్కించి కూర్చున్నారు.

ఎదురుగా ఉన్న బెన్వెనూటీ వృత్తిలో 65 పోటీలు ఆడి, ఒక్కటీ ఓడనివాడు. కిమ్ కూడా వృత్తిలో అప్పటికి ఓటమి ఎరగడు. గంట మోగింది. పొడగరికి దూరం నుంచి కొట్టటం సులువు. అంచేత కిమ్ దూరాన్ని మింగేస్తూ దగ్గరికి చొచ్చుకుపోయాడు. అతను దూసుకు రావటం, ఇతను తప్పించుకుని తిప్పికొట్టటం, ఇలా ఒకటి, రెండు, అయిదు, పది రౌండ్లు గడిచాయి. ఎవరూ పడలేదు. పదిహేను రౌండ్లూ పూర్తి అయ్యాయి. ఇక తేల్చవలసింది ముగ్గురు న్యాయనిర్ణేతలు.

ఒకరు బెన్వెనూటీ అన్నారు. ఇద్దరు కిమ్ అన్నారు.

ఆరేళ్ళ బాకీ తీరింది. దక్షిణ కొరియాకు మొట్టమొదటి జగజ్జెట్టి దొరికాడు. బెన్వెనూటీకి వృత్తిలో అదే మొదటి ఓటమి. చూశారా పిల్లలూ, ఒకరి మొదటి ఓటమిని ఇంకొకరు రోమ్‌లో రాశారు, రెండోవారి మొదటి ఓటమిని వీరు సియోల్‌లో రాశారు!

కథ ఇక్కడ ఆపేస్తే బాగానే ఉంటుంది. కాని నిజమైన జీవితం సినిమాలాగా "శుభం" అనే అక్షరాలు పడి ఆగదు. కిమ్ ఆ పట్టాన్ని రెండుసార్లు నిలబెట్టుకున్నాడు. 1966 డిసెంబరులో స్టాన్ హారింగ్‌టన్ మీద, 1967 అక్టోబరులో ఫ్రెడీ లిటిల్ మీద గెలిచాడు. రెండూ సియోల్‌లోనే. 1968 మేలో అతను ఇటలీకి ప్రయాణమయ్యాడు. ఈసారి ఎదురు నిలిచింది ఆ మజింగీయే, బెన్వెనూటీకి పట్టం పోగొట్టుకున్న పాత జగజ్జెట్టి. మిలాన్‌లోని సాన్ సీరో మైదానంలో పదిహేను రౌండ్లు జరిగాయి. న్యాయనిర్ణేతలలో ఇద్దరు మజింగీ అన్నారు, ఒకరు కిమ్ అన్నారు. పట్టం పోయింది.

"ఇంట గెలిచి రచ్చ గెలవాలి" అని మన పెద్దలు ఊరికే అనలేదు. సొంత ఊళ్ళో ఇద్దరొకరి తేడాతో గెలిచాడు, పరాయి ఊళ్ళో ఇద్దరొకరి తేడాతో ఓడాడు. చప్పట్లు ఎక్కడ మోగుతాయో అక్కడికి చూసేవారి మనస్సు కాస్త మొగ్గుతుంది, అది మనిషి స్వభావం. మీ బడిలో ఆటల పోటీలు పెట్టినప్పుడు కూడా ఇది కనిపెట్టవచ్చు. కాని సియోల్ తీర్పు న్యాయమనీ, మిలాన్ తీర్పు అన్యాయమనీ ఒక్క నోటితో అనటం కుదరదు. రెండూ ఒకే నియమం ప్రకారం వచ్చిన తీర్పులే. గెలిపించిన నియమాన్ని ఓడించినప్పుడు కూడా ఒప్పుకునేవాడే ఆటగాడు.

1969లో కిమ్ తొడుగులు విప్పేశాడు. వృత్తిలో అతని లెక్క 33 గెలుపులు, 2 ఓటములు, 2 సమానాలు. చాలామంది వస్తాదులు సంపాదించినదంతా పోగొట్టుకుని చివరిరోజుల్లో ఇబ్బంది పడ్డారు. కిమ్ అలా చేయలేదు. సియోల్‌లోని మ్యోంగ్‌దోంగ్ అనే రద్దీ పేటలో "చాంపియన్" అనే పేరుతో కాఫీ హోటలు నడిపి, దర్జాగా బతికాడు. 1997లో, 57 ఏళ్ళ వయస్సులో జబ్బుచేసి కన్నుమూశాడు.

మరి బెన్వెనూటీ ఏమయ్యాడు? సియోల్‌లో ఓడిన పది నెలలకే, 1967 ఏప్రిల్‌లో, న్యూయార్క్ వెళ్ళి ఎమిల్ గ్రిఫిత్‌ను ఓడించాడు. ఈసారి ఇంకా పెద్ద తరగతిలో, మిడిల్ వెయిట్‌లో జగజ్జెట్టి అయ్యాడు. ఓటమి అతన్నీ కూచోబెట్టలేదన్నమాట. అతను 2025 దాకా బతికాడు.

ఈ కథ చదివి, తమ్ముడి మీద పిడికిళ్ళు ప్రయోగించాలని ఎవరికైనా సరదా పుడితే, ముందు ఇది చేయండి. ఒక గుండ్రని గిన్నెలో నీళ్ళు పోసి, పైన ఒక ఎండుటాకు ముక్క వేయండి. నీళ్ళు నిలకడ అయ్యాక గిన్నెను చటుక్కున ఒక పక్కకు తిప్పండి. గిన్నె తిరిగింది, ఆకు మాత్రం దాదాపు ఉన్నచోటనే ఉన్నది! లోపలి నీళ్ళు గిన్నెతోపాటు వెంటనే తిరగవు. మన పుర్రె కూడా గిన్నె వంటిదే. లోపల మెత్తని మెదడు నీటిలో తేలుతున్నట్టు ఉంటుంది. తలకు దెబ్బ తగిలి పుర్రె చటుక్కున తిరిగితే మెదడు వెనకబడుతుంది. అప్పుడు లోపలి సన్నని నరాలు సాగుతాయి, రక్తనాళాలు తెగవచ్చు కూడా. తొడుగులు కాపాడేది ముఖ్యంగా కొట్టేవాడి చేతి ఎముకలను. తినేవాడి తలను కాదు.

ఇందుకు కొరియాలోనే ఒక విషాదగాథ ఉన్నది. 1982 నవంబరులో కిమ్ డుక్ కూ అనే కొరియా యువకుడు అమెరికాలో రే మాన్సినీతో జగజ్జెట్టి పోటీకి దిగాడు. పద్నాలుగో రౌండులో పడిపోయాడు. మెదడులో రక్తస్రావం జరిగి, కొద్ది రోజులకే మరణించాడు. ఆ తరవాత ప్రపంచ బాక్సింగ్ సంఘాలు ఒకదాని వెంట ఒకటి పదిహేను రౌండ్లను పన్నెండుకు తగ్గించాయి. పెద్దలకు ఒక మాట: పిల్లలు ఈ విద్య నేర్చుకుంటామంటే గురువు లేకుండా, తలకు రక్షణ లేకుండా ఎంతమాత్రం వద్దు. ఆటలో గాని, బడిలో గాని తలకు గట్టి దెబ్బ తగిలి పిల్లవాడు మసకబారినట్టు కనిపిస్తే, ఆ రోజుకు ఆట మాన్పించి వైద్యుడికి చూపించండి.

పిల్లలూ! మొదట చెప్పుకున్న లెక్కకే మళ్ళీ వద్దాం. కిమ్ కీ సూ రోమ్‌లో ఓడాక, "నాకు 87 గెలుపులు ఉన్నాయి గదా" అని ఇంట్లో కూచోవచ్చు. "అది వాళ్ళ ఊరు, అన్యాయం చేశారు" అని తిట్టుకుంటూ కూచోవచ్చు. రెండూ చేయలేదు. తన్ను ఓడించినవాడు ఎక్కడున్నాడో చూసుకుని, అతని అంతటివాడు అయ్యేదాకా ఆరేళ్ళు సాధన చేశాడు. ఈసారి మీ లెక్కల కాగితం మీద పంతులుగారు ఎర్రసిరాతో ఒక తప్పు చుట్టి ఇస్తే, సరి అయిన లెక్కలను తరవాత చూసుకోవచ్చు. ముందు ఆ ఒక్క లెక్కనే మళ్ళీ చేయండి.